భుజం పదేపదే జారుతుంటే ఏది మేలు: వ్యాయామమా, కీహోల్ ఆపరేషనా, లటార్జే ఆపరేషనా?

కబడ్డీ ఆడే కుర్రాళ్లలో ఇది తరచూ చూస్తాం. చాచిన చేతిని ప్రత్యర్థులు వెనక్కి లాగితే భుజం ముందుకు జారుతుంది. డాక్టర్ సరిచేసి స్లింగ్ వేస్తారు. కొన్ని నెలలకు మళ్లీ జారుతుంది. ఆ తర్వాత చొక్కా వేసుకుంటున్నా, నిద్రలో పక్కకు తిరిగినా టెన్షనే.

భుజంలో ఎముక గిన్నెకు లోతు తక్కువ. గిన్నె అంచున ఉండే లాబ్రమ్ అనే పట్టీ, బంతిలాంటి ఎముక తలను జారిపోకుండా ఆపుతుంది. భుజం జారినప్పుడు సాధారణంగా ఆ పట్టీ ఊడుతుంది. లండన్ సర్జన్ బ్యాంకార్ట్ 1923లోనే ఈ సంగతి రాశారు. ఒకసారి ఊడిన పట్టీ కట్టు కట్టినా, తైలం రాసినా సరైన చోట అతుక్కుంటుందని నమ్మలేం.

కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉండి, పెద్ద దెబ్బేమీ తగలకుండానే జారేవాళ్లకు ముందుగా వ్యాయామమే మేలు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర నెలల తరబడి ఓపిగ్గా చెయ్యాలి. దెబ్బ తగిలి జారిన ఇరవై ఏళ్ల లోపు ఆటగాడికి మాత్రం అదొక్కటే చాలదు. ఆ వయసులో సగానికి పైగా మందికి మళ్లీ జారుతుంది.

కీహోల్ పద్ధతిలో చిన్న యాంకర్లు (ఎముకలో బిగించే మేకుల్లాంటివి), దారాలతో పట్టీని తిరిగి అంచుకు కుడతారు. కోత చిన్నది, భుజం నిర్మాణం పెద్దగా మారదు. గిన్నె ఎముక అరగకపోతే నా ఓటు దీనికే. అయితే జారిన ప్రతిసారీ గిన్నె అంచు కొంత అరగవచ్చు, బంతి వెనక సొట్ట పెరగవచ్చు. ఎముకే లేని చోట పట్టీ కుట్టి ఏం లాభం? మచ్చ చిన్నదిగా ఉంటుందని కీహోల్‌కే పట్టుబట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అక్కడే లటార్జే అవసరమవుతుంది. 1954లో ఫ్రెంచ్ సర్జన్ లటార్జే వివరించిన పద్ధతి ఇది. పక్కనున్న కోరకాయిడ్ ఎముక ముక్కను దానికి అంటిన కండరంతో సహా తెచ్చి, గిన్నె ముందు అంచున స్క్రూలతో బిగిస్తారు. మళ్లీ జారే అవకాశం బాగా తగ్గుతుంది. కానీ నరానికి దెబ్బ తగలడం, ముక్క అతకకపోవడం, స్క్రూ వదులవడం లాంటి ఇబ్బందులు రావచ్చు. అందుకే ఈ ఆపరేషన్ తరచూ చేసే సర్జన్‌నే వెతుక్కోవాలి.

కాబట్టి ఎంఆర్ఐతో ఆగకుండా ఎముక అరుగుదలను స్పష్టంగా చూపే త్రీడీ సీటీ స్కాన్ కూడా తీయించమని అడగండి. గిన్నె అరుగుదల 20 శాతం దాటితే చాలామంది సర్జన్లు లటార్జే వైపే మొగ్గుతారు. కబడ్డీ, కుస్తీ ఆడేవాళ్ల విషయంలో ఇంకాస్త ముందే ఆలోచిస్తారు. ఫిట్స్ వచ్చినప్పుడు జారేవాళ్లు ముందు ఫిట్స్‌ను మందులతో అదుపులోకి తెచ్చుకోవాలి. నలభై దాటినవాళ్లు భుజం కండరాల తాళ్లు తెగాయేమో చూపించుకోవాలి. ఏ ఆపరేషన్ అయినా కొన్ని వారాలు స్లింగ్ తప్పదు, మళ్లీ కబడ్డీ కోర్టులోకి దిగడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది.