పాస్‌వర్డ్ ఎందుకు వద్దంటోందో చెప్పని విండోస్ లాగిన్ తెర

ఆఫీసు డొమైన్‌లో (అందరి ఖాతాలనూ ఒకేచోటి నుంచి నడిపే ఆఫీసు నెట్‌వర్క్‌లో) ఉన్న విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి పాస్‌వర్డ్ మార్చుకునే తెర గురించి ఈ సమీక్ష. విండోస్ 7 రోజుల నుంచి 11 దాకా దీన్ని వాడుతూనే ఉన్నాను. పని సాఫీగా జరిగితే దీనంత సుఖం లేదు. ఒక్కచోట మారిస్తే మెయిల్, షేర్డ్ ఫోల్డర్, ప్రింటర్ అన్నిటికీ మారిపోతుంది. జరగనప్పుడు వచ్చే ఒకే ఒక్క ఎర్రర్ మెసేజ్ మీదే నా కోపమంతా.

కొత్త పాస్‌వర్డ్ పొడవు గానీ, కాంప్లెక్సిటీ గానీ, హిస్టరీ గానీ డొమైన్ నియమాలకు సరిపోలేదంటుంది ఆ మెసేజ్. మూడింట్లో ఏది తప్పిందో చెప్పదు. అంతవరకైతే సర్దుకుపోవచ్చు. కానీ నాలుగో కారణం ఒకటుంది, దాని పేరే ఎత్తదు. అదే మినిమమ్ పాస్‌వర్డ్ ఏజ్: ఒకసారి మార్చాక మళ్లీ మార్చాలంటే కనీసం ఎన్నాళ్లు ఆగాలన్న నియమం. డొమైన్ డిఫాల్ట్ పాలసీలో ఇది 1 రోజు. పాత పాస్‌వర్డ్‌లు 24 గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, ఒకే పూటలో గబగబా 24 సార్లు మార్చేసి మళ్లీ పాతదానికే రాకుండా పెట్టిన అడ్డు. నియమం సబబైనదే. దాని గురించి నోరు మెదపకపోవడమే అన్యాయం.

ఇది ఎక్కువగా ఎక్కడ తగులుతుందంటే, హెల్ప్‌డెస్క్ రీసెట్ చేసిన వెంటనే. పాస్‌వర్డ్ మరిచిపోయామని టికెట్ పెడతాం. వాళ్లు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, లాగిన్ అయ్యాక మార్చుకోమంటారు. లాగిన్ అవుతాం, మార్చబోతాం, ఆ మెసేజ్ వస్తుంది. పన్నెండు అక్షరాలు పెట్టినా, పదహారు పెట్టినా, క్యాపిటల్, అంకె, హ్యాష్ గుర్తు అన్నీ కలిపినా అదే మాట. పాస్‌వర్డ్‌లో ఏ లోపమూ లేదు. రీసెట్ చేసిన క్షణాన్నే సిస్టమ్ "చివరిసారి మార్చిన సమయం"గా రాసుకుంది, అక్కడి నుంచి ఒక రోజు గడవాలి, అంతే. రీసెట్ చేసేటప్పుడు "తర్వాతి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చాలి" అనే పెట్టెలో టిక్ పెట్టి ఉంటే ఈ గొడవే ఉండదు. ఆ టిక్‌తో చివరి మార్పు సమయం సున్నా అవుతుంది, ఒక రోజు నియమం అడ్డురాదు. కాబట్టి హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ టిక్ పెట్టారా లేదా?

ఊహల మీద ఆధారపడక్కర్లేదు, చూసుకోవచ్చు. డొమైన్‌కు కనెక్ట్ అయిన ఏ కంప్యూటర్‌లోనైనా, పక్క సీటువాళ్లదైనా సరే, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "నెట్ యూజర్", ఖాళీ, మీ లాగిన్ పేరు, ఖాళీ, "స్లాష్ డొమైన్" కొట్టండి. వచ్చే వరుసల్లో "పాస్‌వర్డ్ లాస్ట్ సెట్", దాని దగ్గరే "పాస్‌వర్డ్ ఛేంజబుల్" ఉంటాయి. రెండోదాంట్లో రేపటి తేదీ ఉంటే కొత్త పాస్‌వర్డ్‌లు ఆలోచించడం ఆపేయండి, తప్పు మీది కాదు. "నెట్ అకౌంట్స్ స్లాష్ డొమైన్" కొడితే కనీస పొడవు, గరిష్ఠ వయసు, హిస్టరీ సంఖ్య కనిపిస్తాయి. కాకపోతే ఇది డొమైన్ మొత్తానికి ఉన్న పాలసీని మాత్రమే చూపిస్తుంది. కొన్ని గ్రూపులకు, ముఖ్యంగా ఫైనాన్స్, అడ్మిన్ ఖాతాలకు వేరే కఠినమైన పాలసీ పెట్టి ఉంటే అది ఇక్కడ కనపడదు. అది అడ్మినే చూసి చెప్పాలి.

తేదీ సరిగ్గానే ఉండి, పొడవూ సరిపోయి, ఇంకా ఒప్పుకోకపోతే మీ పేరును అనుమానించండి. కాంప్లెక్సిటీ అంటే క్యాపిటల్, స్మాల్, అంకె, గుర్తు వంటి రకాల్లో మూడు ఉండాలని అందరికీ తెలుసు. తెలియని రెండో సగం ఏమిటంటే, డిస్‌ప్లే నేమ్‌ను, అంటే ఖాతాలో కనిపించే మీ పూర్తి పేరును, ఖాళీలు, చుక్కలు, కామాలు, డాష్‌ల దగ్గర ముక్కలు చేసి, మూడక్షరాలు లేదా అంతకన్నా పొడవున్న ఏ ముక్క పాస్‌వర్డ్‌లో ఎక్కడ కనిపించినా తిరస్కరిస్తుంది. పెద్దక్షరమా చిన్నక్షరమా అన్నది చూడదు. మన పేర్లకు ఇది బాగా తగులుతుంది. సాయి, శ్రీ, రామ్, రావు, అను: ఇవన్నీ ఇంగ్లీషులో సరిగ్గా మూడేసి అక్షరాలు. పేరులో విడిగా శ్రీ ఉన్నవాళ్లకు శ్రీశైలం, శ్రీకాకుళం ఏవీ చెల్లవు. రామ్ ఉన్నవాళ్లకు "ప్రోగ్రామ్" అన్న మాట కూడా చెల్లదు, దాని చివర్న ఆ మూడక్షరాలే ఉన్నాయి. అను అనే ఆవిడ "జనవరి"తో ఇంగ్లీషులో పాస్‌వర్డ్ పెట్టబోతే పడదు, స్పెల్లింగ్ మధ్యలో ఆమె పేరుంది. ఒక్కక్షరం ఇనీషియల్‌తో మాత్రం ఇబ్బంది లేదు, మూడుకు తక్కువైన ముక్కల్ని వదిలేస్తుంది.

తెలుగు లిపి అక్షరాలను కూడా ఒక వేరే రకంగా ఈ నియమం లెక్కలోకి తీసుకుంటుంది. వినడానికి సంతోషంగానే ఉన్నా, ఆ దారి పట్టొద్దు. లాగిన్ తెర మీద తెలుగు కీబోర్డు లేని మెషీన్ ముందు కూర్చున్న రోజు లోపలికి పోలేరు. కీబోర్డు మాట వచ్చింది కాబట్టి, బ్రిటన్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లో యూకే లేఅవుట్ ఉంటే ఎట్ గుర్తు, డబుల్ కోట్ తారుమారవుతాయి. లాగిన్ తెరలో కింద కుడివైపు భాష చూసుకుని, పెట్టె పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి ఏం పడుతోందో చదవండి.

ఇక ఇంటి నుంచి పనిచేసేవాళ్ల సంగతి. ఇక్కడ నేను మొదట చెప్పిన మెచ్చుకోలు కాస్త తగ్గించుకోవాలి. నెట్‌వర్క్ లేకపోయినా ల్యాప్‌టాప్ లాగిన్ కానిస్తుంది, ఎందుకంటే గత లాగిన్‌ల ఆనవాళ్లను తనలో దాచుకుంటుంది. గడువు తీరిన పాస్‌వర్డ్‌తో కూడా డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. కానీ వీపీఎన్, అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే దారి, ఆ పాస్‌వర్డ్‌ను ఒప్పుకోదు. వీపీఎన్ లేనిదే డొమైన్ కంట్రోలర్ (ఖాతాలు, పాస్‌వర్డ్‌లు ఉండే ఆఫీసు సర్వర్) అందదు, అది అందనిదే పాస్‌వర్డ్ మారదు. ఇక్కడ టిక్ వ్యవహారం తలకిందులవుతుంది. "తర్వాతి లాగిన్‌లో మార్చాలి" అని టిక్ పెట్టి ఉంటే చాలా వీపీఎన్‌లు లోపలికి రానివ్వవు. ఇంట్లో ఉన్నవాళ్లకు టిక్ లేకుండానే రీసెట్ చేయించుకోవాలి, ఆ తాత్కాలిక పాస్‌వర్డ్‌తోనే ఒక రోజు గడపాలి.

రీసెట్ చేయించుకోగానే ఈ వరుస తప్పకూడదు. పాత పాస్‌వర్డ్‌తో ల్యాప్‌టాప్ తెరవండి. హెల్ప్‌డెస్క్ ఇచ్చిన కొత్తదానితో వీపీఎన్ కలపండి. వీపీఎన్ నడుస్తుండగానే విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో అన్‌లాక్ చేయండి. అప్పుడే ల్యాప్‌టాప్ తన దగ్గరున్న ఆనవాలు మార్చుకుంటుంది. ఈ మెట్టు వదిలేసి షట్‌డౌన్ చేస్తే మరుసటి ఉదయం ల్యాప్‌టాప్‌కు ఒక పాస్‌వర్డ్, వీపీఎన్‌కు ఇంకొకటి.

వీపీఎన్ బాగానే ఉండి, షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకుంటూ, పాస్‌వర్డ్ మార్పు ఒక్కటే "డొమైన్ కంట్రోలర్ అందలేదు" అన్న ధోరణిలో ఫెయిలైతే నెట్‌వర్క్ వాళ్లను పోర్ట్ 464 గురించి అడగండి (పోర్ట్ అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పనికి ఉండే తలుపు సంఖ్య). లాగిన్‌కు 88 చాలు, ఫోల్డర్లకు 445 చాలు, పాస్‌వర్డ్ మార్పు మాత్రం కెర్బరోస్ అనే గుర్తింపు తనిఖీ పద్ధతి ద్వారా 464 మీద నడుస్తుంది. కెర్బరోస్ కుదరకపోతే పాత ఎన్టీఎల్ఎమ్ పద్ధతికి మళ్లే వెసులుబాటును 2016 ఆగస్టు సెక్యూరిటీ అప్‌డేట్ తీసేసింది. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీ ముందున్న మెషీన్‌కే పోతుంది, అవతలిదానికి కంట్రోల్, ఆల్ట్, ఎండ్ నొక్కాలి.

మనస్ఫూర్తిగా మెచ్చుకోదగ్గది ఒకటుంది. పాస్‌వర్డ్ మార్చాక ఫోన్‌లోని మెయిల్ పాతదాన్నే పదేపదే పంపినా వెంటనే ఖాతా లాక్ కాదు. హిస్టరీలో చివరి రెండు పాస్‌వర్డ్‌లతో వచ్చిన ప్రయత్నాలను తప్పుల లెక్కలో వేయదు. అయితే దీనివల్లే మూలన పడేసిన ట్యాబ్ మొదటి మార్పుకు, రెండో మార్పుకు కిమ్మనకుండా ఉండి, మూడో మార్పు తర్వాత ఖాతాను లాక్ చేయడం మొదలుపెడుతుంది. డిఫాల్ట్ 42 రోజుల గడువులో అంటే 126 రోజుల తర్వాత. అప్పటికి ఆ ట్యాబ్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? లాక్ ఎక్కడి నుంచి వస్తోందో డొమైన్ కంట్రోలర్ లాగ్‌లోని 4740 ఈవెంట్‌లో "కాలర్ కంప్యూటర్ నేమ్" దగ్గర చూడమని అడ్మిన్‌ను అడగండి. మీ వైపు క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాత పాస్‌వర్డ్‌లు, తెరిచి వదిలేసిన రిమోట్ సెషన్లు తీసేయండి.

పిన్ అలవాటైనవాళ్లకు ఒక మాట: మార్చే తెర పాత పాస్‌వర్డ్‌నే అడుగుతుంది, పిన్ అక్కడ పనికిరాదు.

ఆఫీసు కేబుల్‌కు కట్టి ఉన్న డెస్క్‌టాప్‌లో పనిచేసేవాళ్లకు ఈ తెర చాలు. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లు గడువుకు ఐదు రోజుల ముందు వచ్చే హెచ్చరిక చూసిన రోజే, వీపీఎన్ కలిపి మార్చేసుకోవాలి. గడువే ఉండాలా అన్నది మీ అడ్మిన్ చేతిలో ఉంది. 2019లోనే మైక్రోసాఫ్ట్ తన సెక్యూరిటీ బేస్‌లైన్ (తాను సిఫారసు చేసే భద్రతా సెట్టింగుల జాబితా) నుంచి పాస్‌వర్డ్ గడువు నిబంధనను తీసేసిందని వాళ్లకు చెప్పి చూడొచ్చు. ఇదంతా ఆఫీసు సొంత డొమైన్ కంట్రోలర్లున్న చోటి మాట. కేవలం క్లౌడ్ ఖాతాతో నడిచే ల్యాప్‌టాప్‌లకు ఇందులో సగం వర్తించదు.