లిప్ ఫిల్లర్: కొన్నేళ్లుగా వేయించుకుంటున్నాను కాబట్టి చెప్తున్నా

వయసు తగ్గినట్టు కనిపించాలని పెదవులకు ఫిల్లర్, అంటే నిండుగా కనిపించేలా సూదితో లోపలికి ఎక్కించే జెల్, వేయించుకుంటే సగం పనే అవుతుంది. ఆ సగం నాకు నచ్చింది కాబట్టే ఇంకా వేయించుకుంటున్నాను.

నలభై దాటాక నా పై పెదవి పలచబడింది. లిప్‌స్టిక్ వేసుకున్న కాసేపటికే అంచు దాటి, పైనున్న సన్నటి నిలువు గీతల్లోకి పాకేది. వయసుతో కొల్లాజెన్ (చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్) తగ్గడం, లోపలి నిండుదనం పోవడం ఒక కారణం. చాలామంది పట్టించుకోని కారణం ఇంకోటుంది. ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉన్న చర్మం ఏళ్లు గడిచేకొద్దీ సాగి కిందికి దిగుతుంది. దాంతో పెదవిలోని ఎర్రటి భాగం లోపలికి మడతపడినట్టు సన్నగా కనిపిస్తుంది. వయసు మీదపడ్డాక నవ్వితే పై పళ్లు దాక్కుని కింది పళ్లు కనబడేది కూడా చాలావరకు ఇందుకే. ఫిల్లర్ నిండుదనం ఇస్తుంది కానీ, సాగిన చర్మాన్ని పైకి లాగలేదు.

నేను వేయించుకునేది హైలురోనిక్ యాసిడ్ జెల్. ఒంట్లో సహజంగా ఉండే పదార్థమే, నీటిని పట్టి ఉంచుతుంది. మత్తు క్రీము రాసినా సరే, ముక్కు కిందుగా సూది దిగితే కళ్లలో నీళ్లు తిరగాల్సిందే! రెండు మూడు రోజులు వాపు, అక్కడక్కడా కమిలిన మచ్చలు. అసలు ఆకారం తేలేసరికి రెండు వారాలు పడుతుంది, అందాకా అద్దం జోలికి పోకపోతే టెన్షన్ ఉండదు. ఒకసారి కింది పెదవి లోపల ఆవగింజంత గడ్డ నాలుకకి తగులుతూ ఉండేది. డాక్టర్ మెల్లగా నొక్కి సరిచేశారు.

బాగా పనిచేసింది అంచు దగ్గర. సగం సిరంజి, అంటే 0.5 మి.లీ. కూడా పట్టలేదు, లిప్‌స్టిక్ పాకడం ఆగిపోయింది. తర్వాత ఇంకో క్లినిక్‌లో నేను వద్దన్నా వినకుండా పై పెదవికే పూర్తి 1 మి.లీ. ఎక్కించారు. ఎదురుగా చూస్తే ఫర్వాలేదు, పక్కనుంచి చూస్తే మూతి ముందుకు పొడుచుకొచ్చింది. మా చెల్లెలైతే నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. చివరికి హైలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించారు. ఇలా కరిగించే వీలుంది కాబట్టే నేను ఈ రకం తప్ప వేరేది ఒప్పుకోను. సిలికాన్ అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

ఆరు నెలల నుంచి ఏడాది ఉంటుందంటారు. కొందరిలో అంతకంటే ఎక్కువ కాలం లోపల మిగిలే ఉంటుంది. అందుకే టైమైందని మళ్లీ నింపించుకోవడం నాకు నచ్చదు, అంచు చెదిరితేనే వెళ్తాను.

వెళ్లే ముందు రెండు విషయాలు. పెదవుల మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే చెప్పాలి, సూది వల్ల అవి మళ్లీ లేవవచ్చు. హైలురోనిడేజ్ అక్కడే సిద్ధంగా ఉందో లేదో అడగాలి. ఇంజెక్షన్ తర్వాత చర్మం తెల్లబడినా, నీలంగా మచ్చలు తేలినా, నొప్పి పెరుగుతూ పోయినా ఫిల్లర్ వల్ల రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు దాన్ని కరిగించడానికే ఆ మందు కావాలి. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

ముక్కు కింది దూరం తగ్గాలంటే లిప్ లిఫ్ట్ సర్జరీయే చేయించుకోవాలి, ముక్కు అడుగున మచ్చ మిగులుతుంది. దానికి నేను సిద్ధంగా లేను.