నచ్చజెప్పడమా, ఆంక్షలా? దక్షిణాఫ్రికా విషయంలో అమెరికా రెండు దారులు

1980ల్లో దక్షిణాఫ్రికా వర్ణవివక్షపై వాషింగ్టన్‌లో రెండు వాదనలు గట్టిగా నడిచాయి.

అధ్యక్షుడు రీగన్‌ది మొదటిది: ప్రిటోరియాతో, అంటే దక్షిణాఫ్రికా ప్రభుత్వంతో, తెగతెంపులు వద్దు, మాట్లాడుతూనే మారుద్దాం. ఈ విధానానికి రూపమిచ్చింది అమెరికా విదేశాంగ శాఖలో ఆఫ్రికా వ్యవహారాలు చూసిన చెస్టర్ క్రాకర్. ఆంక్షలు పెడితే ముందు నష్టపోయేది నల్లజాతి కార్మికులే అన్నారు. ఆ ప్రాంతంలో సోవియట్ పలుకుబడి పెరుగుతుందన్న భయమూ వెనకాల ఉంది. కార్మికుల మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కానీ బాధపడేవాళ్లు ఏమన్నారో కూడా వినాలి కదా! 1984 డిసెంబరులో దక్షిణాఫ్రికా నల్లజాతి బిషప్ డెస్మండ్ టూటూ అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఎదుటే ఆ విధానం అనైతికమని తేల్చి చెప్పారు.

రెండోది ఆంక్షల దారి. 1984 నవంబరు 21న అమెరికా నల్లజాతి నేతలు రాండల్ రాబిన్సన్, మేరీ ఫ్రాన్సిస్ బెర్రీ, వాల్టర్ ఫాంట్‌రాయ్ వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా ఎంబసీకి వెళ్లారు. రాయబారితో మాట్లాడారు. లేవమని అక్కడే కూర్చున్నారు. పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత నెలల తరబడి ఎంబసీ ముందు నిరసనలు, అరెస్టులు సాగాయి. 1986లో కాంగ్రెస్ చట్టమే చేసింది: కొత్త పెట్టుబడులు బంద్, బొగ్గు, ఉక్కు, యురేనియం దిగుమతులు బంద్. రీగన్ వీటో చేస్తే దిగువ సభ 313-83తో, సెనేట్ 78-21తో తోసిపుచ్చాయి. సెనేట్‌లో ఆ పని ముందుండి నడిపించింది రీగన్ పార్టీవాడే, రిచర్డ్ లూగర్!

నా ఓటు రెండోదానికే. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో చెరకు తోటలకు వెళ్లిన మన తెలుగు కూలీల వారసులు కూడా 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద బతికారు. జాతిని బట్టి నివాస ప్రాంతాలు విడదీసిన చట్టం అది.