ధనుష్కోటి స్టేషన్: ఆటో బేరంలోనే చెప్పాల్సిన మాట

రామేశ్వరం వెళ్లే మనవాళ్లు చాలామంది 22 తీర్థాల స్నానం, దర్శనం అయ్యాక ఆటో మాట్లాడుకుని ధనుష్కోటి చుట్టి వచ్చేస్తారు. ఆటోవాళ్లు తిన్నగా రోడ్డు చివర అరిచల్ మునై దాకా తీసుకెళ్లి, ఫొటోలకు కాసేపు వదిలి, వెనక్కి తిప్పేస్తారు. దారిలో వచ్చే పాత రైల్వే స్టేషన్‌ను మాత్రం చెయ్యి చూపించి దాటించేస్తారు. నన్నడిగితే అక్కడ చూడాల్సిందే అది. కాబట్టి "స్టేషన్ దగ్గర గంట ఆగాలి" అని బేరమాడేటప్పుడే చెప్పండి. దిగాక చెబితే వెయిటింగ్ చార్జీ గొడవ తప్పదు.

ఇప్పుడు చూస్తే నమ్మలేం గానీ, ఇది ఒకప్పుడు మద్రాసు నుంచి కొలంబో వెళ్లే దారి. 1914లో రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా కట్టిన పాంబన్ వంతెన తెరిచాక బోట్ మెయిల్ అనే రైలు ఇక్కడిదాకా వచ్చేది. రైలు దిగి స్టీమర్ ఎక్కితే అవతల శ్రీలంకలోని తలైమన్నార్, అక్కడ మళ్లీ రైలు. అంతా ఒకే టికెట్ మీద! ఇర్విన్, గోషెన్ అనే స్టీమర్లు తిరిగేవి. అప్పట్లో రామేశ్వరానిదే పాంబన్ దగ్గర చీలే బ్రాంచి లైను, ధనుష్కోటిది మెయిన్ లైను. సేతుస్నానానికి వచ్చే యాత్రికులకూ ఈ స్టేషనే దిక్కు.

1964 డిసెంబర్ 22 రాత్రి తుపానుతో అదంతా పోయింది. పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబర్ ప్యాసింజర్ స్టేషన్‌కు కాస్త దూరంలో ఉండగా సముద్రం దాన్ని మింగేసింది. అందులో వందమందికి పైగా ఉన్నారు. ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. దెబ్బతిన్న పాంబన్ వంతెనను మాత్రం శ్రీధరన్ బృందం 46 రోజుల్లో నిలబెట్టింది (తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రోలతో పేరొచ్చిన శ్రీధరనే). రైళ్లు రామేశ్వరం దాకా వచ్చాయి గానీ ధనుష్కోటి లైను మళ్లీ వేయలేదు. స్టీమర్ కూడా రామేశ్వరానికి మారింది, శ్రీలంక యుద్ధంతో 1980లలో అదీ ఆగిపోయింది. ధనుష్కోటికి మళ్లీ లైను వేస్తామని 2019లో శంకుస్థాపన చేశారు. పట్టాలైతే పడలేదు.

మిగిలింది కొన్ని మొండిగోడలు, నీళ్ల ట్యాంకు తాలూకు దిమ్మెలు. ఏది స్టేషనో, ఏది ఇంకేదో తెలిసేలా సరైన బోర్డులు పెట్టి ఉంటే ఎంత బాగుండేది! పగడపు రాళ్లతో కట్టిన చర్చి గోడలు దగ్గర్లోనే ఉన్నాయి, జనమంతా వాటి దగ్గరే ఫొటోలు దిగుతుంటారు. గోడలెక్కే పిల్లల్ని వారించేవాళ్లు నాకు కనబడలేదు. అక్కడి జాలరి కుటుంబాల వాళ్లు పాకల్లో చేపల వేపుడు, గవ్వలు అమ్ముతారు. ఇసుకలో చిన్న గుంట తవ్వితే మంచినీళ్లు ఊరతాయి. చుట్టూ సముద్రం ఉండగా తియ్యటి నీళ్లేంటా అని ఆశ్చర్యమేస్తుంది.

బస మాత్రం రామేశ్వరంలోనే. ధనుష్కోటిలో రాత్రి ఉండనివ్వరు, సాయంత్రానికే పోలీసులు పంపించేస్తారు. గుడి పక్కన లాడ్జీలు దర్శనానికి సుఖం గానీ, మేం దిగినచోట తడిబట్టల వాసన, రాత్రంతా మైకుల మోత. కుటుంబంతో వెళ్తే నాలుగు వీధులు అవతల చూసుకోండి. సత్రాలు చవకే, సెలవు రోజుల్లో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే మేలు.

వెళ్లేందుకు ఉదయమే మంచిది. 2017లో అరిచల్ మునై దాకా రోడ్డు పడ్డాక జీపుల అవసరం తీరిపోయింది, సిటీ బస్సు కూడా ఉంది. టికెట్ తక్కువే, కానీ స్టేషన్ దగ్గర దిగితే తర్వాతి బస్సు కోసం ఎండలో నిలబడాలి, నీడన్నది లేదు. పెద్దవాళ్లుంటే ఆటోయే నయం. దారిలో కోదండరామాలయం దగ్గర ఆపించుకోండి, విభీషణ పట్టాభిషేకం జరిగిన చోటని చెబుతారు. ఆ తుపానుకు తట్టుకుని నిలిచిన గుడి అది. నీళ్లు, టోపీ మర్చిపోవద్దు. టాయిలెట్ పని రామేశ్వరంలోనే ముగించుకుని బయల్దేరండి.