ఏసీలో బూజు: ఫిల్టర్ కడిగితే సరిపోతుందా, జెట్ సర్వీస్ చేయించాలా?

వానాకాలంలో ఏసీ వేయగానే తడిసిన గోనెసంచి వాసన వస్తోందంటే లోపల బూజు పట్టినట్టే. ఫిల్టర్ మనమే కడుక్కోవచ్చు. మూత ఎత్తి, జాలీ తీసి, కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడితే సరి, పైసా ఖర్చు లేదు. రెండు వారాలకోసారి చేస్తే దుమ్ము పేరుకోదు, బూజుకు తిండి దొరకదు.

కానీ బూజు ఎక్కువగా పట్టేది ఫిల్టర్ వెనక, ఎప్పుడూ చెమ్మగా ఉండే కూలింగ్ కాయిల్, నీళ్లు దిగే ట్రే, గాలిని తోసే బ్లోయర్ మీద. స్విచ్ ఆపి, గాలి వచ్చే సందులోకి టార్చ్ వేసి చూడండి. బ్లోయర్ రెక్కల మీద నల్లటి మచ్చలుంటే ఫిల్టర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు, మెకానిక్‌తో జెట్ సర్వీస్, అంటే పంపుతో నీళ్లు జోరుగా కొట్టి కడిగే సర్వీస్, చేయించాల్సిందే. మా ఇంట్లో చేయించినప్పుడు బకెట్‌లోకి దిగిన నీళ్లు కాఫీ డికాక్షన్‌లా ఉన్నాయి. ఆ గాలే మా పాప రాత్రంతా పీల్చిందని తెలిసి ప్రాణం ఉసూరుమంది.

కాయిల్‌తో పాటు బ్లోయర్, ట్రే కూడా కడగమని ముందే చెప్పండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే నా ఓటు జెట్ సర్వీస్‌కే. ఆ తర్వాత రోజూ ఏసీ ఆపే ముందు 20 నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో తిప్పితే కాయిల్ మీది తడి చాలావరకు ఆరిపోతుంది.