నింపని గ్రాప్లింగ్ డమ్మీ: కర్నూలు ఎండల్లో వాడాక

నేలమీద పట్లు పట్టే కుస్తీ జియుజిత్సులో లాక్ (కీలు విరిచే, మెడ బిగించే ఆఖరి పట్టు) దాకా వెళ్లి చివర్లో ఎదుటివాడు జారిపోతుంటే పట్లు సాధన చేసే ఈ మనిషి ఆకారపు బొమ్మ పనికొస్తుంది. అసలు అక్కడిదాకా చేరడమే రాకపోతే కొనొద్దు. ఇది తిరగబడదు, గార్డ్ (కిందున్నవాడు కాళ్లతో పెట్టే అడ్డు) దాటడం నేర్పదు.

నింపకుండా వచ్చే రకమే తీసుకోండి. నింపినదైతే రవాణా ఖర్చే తడిసి మోపెడవుతుంది. పత్తికి పేరున్న ఆదోని దగ్గరే కదా అని ఒట్టి దూది కూరితే కొన్నాళ్లకు ఉండలు కట్టి మొండెం కుంగిపోతుంది. టైలర్ షాపుల్లో మిగిలే గుడ్డ పీలికలు మేలు. ముందు చేతులూ కాళ్లూ కర్రతో గట్టిగా కూరాలి, తర్వాత మెడ, ఆఖరున మొండెం. ఐదున్నర అడుగుల బొమ్మకు 30 కిలోలు చాలు. బరువు కోసం ఇసుక పోస్తే కుట్లు పిగులుతాయి. మెడ మరీ లావైతే చోక్‌లో (మెడ బిగించే పట్టు) మోచెయ్యి గడ్డం కిందికి రాదు, తప్పు అలవాటు పడుతుంది.

దీని విలువ తెలిసేది ఆర్మ్‌బార్‌లో, అంటే ఎదుటివాడి చేతిని మన కాళ్ల మధ్య పట్టి మోచెయ్యి విరిచే లాక్‌లో. చాలామంది చేతుల బలంతో లాగుతారు, పని అక్కడే ఆగిపోతుంది. మోకాళ్లు దగ్గరికి నొక్కి, మడమలు పిరుదుల వైపు లాక్కుని, బొమ్మ మణికట్టును ఛాతీకి అదిమి, ఆ తర్వాతే నడుము ఎత్తాలి. భుజానికీ మన తొడల మొదలుకూ మధ్య అరచెయ్యి దూరేంత సందున్నా మోచెయ్యి బయటికి జారుతుంది. బొటనవేలు పైకి ఉండాలి. వేళ్లు లేని బొమ్మయితే మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి.

వెనకనుంచి వేసే చోక్‌కు సుద్దముక్క చాలు. మెడకు రెండు పక్కలా, ముందు మధ్యలోనూ సుద్ద పూసి పట్టు వేయండి. సుద్ద ఒకవైపు మన పైచెయ్యి కండకూ రెండోవైపు ముంజేతికీ అంటితే రెండు రక్తనాళాల మీదా ఒత్తిడి పడినట్టే. మధ్యలోది చెరిగిందంటే గొంతు నలుపుతున్నారు: నొప్పి ఎక్కువ, ఫలితం తక్కువ. మోచెయ్యి గడ్డం సూటికి తెచ్చి, చేతులు బిగించడం కన్నా ఛాతీ విప్పి భుజాలు వెనక్కి లాగండి.

ట్రయాంగిల్‌కు (కాళ్లతో మెడనూ ఒక చేతినీ బిగించే పట్టు) సగం మార్కులే. చీలమండను మోకాలి వెనక బిగించడం, నడుము పక్కకు తిప్పి కోణం మార్చడం బాగా కుదురుతాయి. కానీ మనిషి నడుము నిలబెట్టి పైకి లేస్తాడు, బొమ్మ లేవదు. హీల్ హుక్ (మడమ పట్టి మోకాలు మెలిపెట్టే లాక్) మాత్రం దీనిమీద వద్దే వద్దు. గుడ్డ మోకాలు ఎంత తిప్పినా తిరుగుతుంది. ఆ చేత్తోనే భాగస్వామి కాలు పడితే లిగమెంట్ పోతుంది. ఏ లాక్ అయినా అంతే, బొమ్మ ట్యాప్ చేయదు (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోదు) కాబట్టి మనుషులతో ఆడేటప్పుడు చివరి బిగింపు నెమ్మదిగా వేయాలి.

ఏప్రిల్, మే నెలల్లో రెక్సిన్ బొమ్మ చెమటకు ఒంటికి అతుక్కుంటుంది, మేడమీద ఎండలో వదిలితే పగుళ్లిస్తుంది. కాన్వాస్‌దే కొనండి, గరుకు కాబట్టి ఫుల్‌హ్యాండ్స్ రాష్‌గార్డ్ (చర్మం గీసుకుపోకుండా వేసుకునే బిగుతు చొక్కా) తప్పదు. ముందు పోయేది చంక కుట్టు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర నైలాన్ దారంతో అక్కడ ఇంకో వరస వేయించండి, అదీ నింపకముందే. నిండాక లోపలివైపు సూది పెట్టే సందుండదు.