ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ ఎలక్టివ్ తీసుకోబోతున్నారా? ముందు ఇది చదవండి

"ఎన్విరాన్‌మెంటల్ కెమిస్ట్రీ తీసుకో, స్కోరింగ్ సబ్జెక్ట్, ఫిజికల్ కెమిస్ట్రీ గొడవ ఉండదు" అని సీనియర్లు చెబుతారు. మాకూ అదే చెప్పారు. యూనివర్సిటీ పేరు రాయను గానీ, మా బ్యాచ్‌లో చాలామంది గ్రేడ్ ఈ ఒక్క పేపర్ దగ్గరే పడిపోయింది.

తప్పు సబ్జెక్టుది కాదు. పాఠం వ్యాసంలా చెప్పి, పరీక్ష కెమిస్ట్రీలా పెట్టారు. ఆమ్ల వర్షం గురించి క్లాసులో చెప్పింది ఇంతే: పీహెచ్ 5.6 కంటే తగ్గితే ఆమ్ల వర్షం, పాలరాయి దెబ్బతింటుంది, చేపలు చస్తాయి. స్లయిడ్ మారిపోయింది. పరీక్షలోనేమో, ఏ కాలుష్యమూ లేని వాన నీటికి ఆ 5.6 ఎలా వస్తుందో లెక్కగట్టమన్నారు. హెన్రీ నియమంతో నీళ్లలో ఎంత కార్బన్ డయాక్సైడ్ కరుగుతుందో తేల్చి, కార్బానిక్ ఆమ్లం మొదటి వియోజన స్థిరాంకంతో హైడ్రోజన్ అయాన్ల గాఢత పట్టుకోవాలి. ఒక్కసారి బోర్డు మీద చేసి చూపిస్తే ఎవరికైనా వచ్చే లెక్కే. చూపించలేదు.

పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కథా అంతే. నీటిలో 1 పీపీఎం అంటే దాదాపు లీటరుకి 1 మిల్లీగ్రామ్. గాలిలో ఘనపరిమాణంతో లెక్క కాబట్టి వాయువుని బట్టి మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గర సల్ఫర్ డయాక్సైడ్‌కి అణుభారం 64ని ఒక మోల్ వాయువు ఆక్రమించే 24.45 లీటర్లతో భాగించాలి, అంటే 1 పీపీఎం ఘనపు మీటరుకి సుమారు 2.62 మిల్లీగ్రాములు. ఈ తేడా ఊసే లేకుండా సెమిస్టర్ గడిచిపోయింది.

ఇక ల్యాబ్. ఫీజు విడిగా కట్టించుకున్నారు. బీఓడీ (నీటిలోని సేంద్రియ వ్యర్థాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) ప్రయోగం ఒకే మధ్యాహ్నంలో 'అయిపోయింది'. మా మాన్యువల్ ప్రకారమే శాంపిల్‌ని 20 డిగ్రీల దగ్గర చీకట్లో 5 రోజులు ఉంచి, ముందూ తర్వాతా కరిగిన ఆక్సిజన్ కొలవాలి. మరి ఒక్క పూటలో రెండో రీడింగ్ ఎక్కడిది? బోర్డు మీద రాసిచ్చారు, అందరం రికార్డులోకి ఎక్కించాం. కరిగిన ఆక్సిజన్ కొలిచే వింక్లర్ టైట్రేషన్‌లో స్టార్చ్ నీలం రంగు పోయే క్షణం ముందు వరసవాళ్లకే కనిపించింది.

సీఓడీ (అదే వ్యర్థాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత) మాత్రం మా చేతే చేయించారు. నాకు బాగా కోపం వచ్చింది అక్కడే. అందులో పొటాషియం డైక్రోమేట్, పాదరసం ఉండే మెర్క్యురిక్ సల్ఫేట్, సిల్వర్ సల్ఫేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. టైట్రేషన్ అయ్యాక అదంతా సింక్‌లో పోసి ట్యాప్ తిప్పేయమన్నారు! పాదరసం చేపల్లో ఎలా పేరుకుపోతుందో అదే కోర్సులో చదువుకున్నాం. విడిగా సీసాలో పట్టి, లేబుల్ వేసి, ప్రమాదకర వ్యర్థంగా పంపాల్సిన సరుకది. అడిగితే "కొంచెమే కదా" అన్నారు.

ఓజోన్ యూనిట్ ఒక్కటీ బాగా చెప్పారు, అది ఒప్పుకోవాలి. క్లోరిన్ పరమాణువు ఓజోన్‌ని విడగొట్టి, తిరిగి క్లోరిన్‌గానే బయటపడి ఇంకో అణువు మీద పడే చక్రం, సీఎఫ్‌సీ వాయువుల క్లోరిన్ ఓజోన్ పొరని దెబ్బతీస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలండ్ చేసిన హెచ్చరిక, ఆ వాయువుల్ని అరికట్టడానికి చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం వరుసగా అర్థమయ్యాయి. ఆ యూనిట్ చెప్పింది వేరే టీచర్.

రిజిస్టర్ చేసేముందు పాత ప్రశ్నపత్రాలూ, సీనియర్ల క్లాస్ నోట్సూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ల్యాబ్ షెడ్యూల్‌లో బీఓడీకి ఎన్ని తేదీలు ఇచ్చారో చూడండి. ఒక్కటే ఉంటే సంగతి అర్థమైపోతుంది.

డ్రాప్ గడువు దాటిపోయిందా? టెన్షన్ పడకుండా కార్బొనేట్ సమతాస్థితి (పైన చెప్పిన వాన నీటి పీహెచ్ లెక్క), పీపీఎం మార్పిడి, బీఓడీ డైల్యూషన్ లెక్కలు సొంతంగా చేసుకోండి. మా పేపర్లో ఎక్కువ మార్కులు వాటికే. సీఓడీ రోజున వ్యర్థం పోయడానికి సీసా ముందే అడగండి. ఇవ్వకపోతే విభాగాధిపతికి బ్యాచ్ అంతా సంతకాలు పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాటగా అడిగితే మాకు వచ్చిన జవాబే వస్తుంది.